వద్దనుకున్న కడుపు రాకుండా చూసుకోవడం: విశాఖలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఏఎన్ఎమ్‌గా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా, చేరిన కొత్తలో నా భుజాన ఒక సంచి ఉండేది. అందులో నిరోధ్ (కండోమ్) పెట్టెలు, కడుపు రాకుండా వేసుకునే మాలా-ఎన్ మాత్రలు, బీపీ చూసే మిషను, ఒక లావుపాటి రిజిస్టరు. ఆ రిజిస్టరు పేరు 'అర్హులైన దంపతులు'. ఇంటింటికీ వెళ్లి భార్యాభర్తల వయసు, పిల్లలెంతమంది, చిన్నపిల్లకి ఎన్నేళ్లు, ఏ పద్ధతి వాడుతున్నారు అని రాసుకోవాలి. ఇద్దరు పిల్లలున్న ఇళ్ల ఎదురుగా చివరి గడిలో 'ఆపరేషన్' అని ఉండేది. ఒక్క బిడ్డే ఉన్న ఇళ్ల ఎదురుగా ఆ గడి ఖాళీ. కొత్తగా పెళ్లయిన వాళ్ల ఎదురుగా కూడా ఖాళీయే. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ ఖాళీ గడుల ఇళ్ల నుంచే "మేడం, నెల తప్పింది, తీయించేయాలి, ఎక్కడికెళ్లాలి" అని వచ్చేవాళ్లు.

ఉద్యోగం అయిపోయినా ప్రశ్నలు ఆగలేదు. పెళ్లిళ్లలో, రైతుబజార్లో కూరలు ఏరుకుంటూ, రాత్రి పదింటికి ఫోన్లో అడుగుతూనే ఉంటారు. ఎక్కువగా వచ్చేవాటికి ఇక్కడ జవాబులు రాశాను.

అబార్షన్లు తగ్గాలంటే అబార్షన్‌ని నిషేధిస్తే సరిపోదా?

సరిపోదు. అలా చేసి చూసిన దేశాలున్నాయి. రుమేనియాలో 1966లో ప్రభుత్వం అబార్షన్‌ని దాదాపు పూర్తిగా నిషేధించింది. గర్భనిరోధక సాధనాలు కూడా దొరక్కుండా పోయాయి. మరుసటి ఏడాది పుట్టిన పిల్లల సంఖ్య దాదాపు రెట్టింపైంది. ఆ తర్వాత కొన్నేళ్లకే మళ్లీ పడిపోయింది. పెరుగుతూ పోయింది తల్లుల చావులు. దొంగచాటుగా, తెలిసీ తెలియని చేతుల్లో కడుపు తీయించుకుని ఆడవాళ్లు చనిపోయారు. 1989 చివర్లో నిషేధం ఎత్తేశాక ఒక్క ఏడాదిలోనే తల్లుల మరణాల రేటు సుమారు సగానికి తగ్గింది. మాత్రలు, గర్భసంచిలో వేసే లూపులు అందుబాటులోకి వచ్చిన కొద్దీ అబార్షన్లు కూడా తగ్గుతూ వచ్చాయి.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ బంగ్లాదేశ్‌లోని మత్లాబ్. అక్కడ కొన్ని ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటి గడప దాకా వచ్చి రకరకాల గర్భనిరోధక పద్ధతులు అందించేవారు. పక్కనే ఉన్న మరికొన్ని ఊళ్లలో మామూలు ప్రభుత్వ సేవలే ఉండేవి. ఏళ్ల తరబడి లెక్క చూస్తే ఇంటికొచ్చి ఇచ్చిన ఊళ్లలో అబార్షన్లు తక్కువగా ఉన్నాయి. చట్టం రెండు చోట్లా ఒకటే. తేడా అంతా ఆ గడప దాకా వచ్చిన మనిషి దగ్గర, ఆమె సంచిలో ఉన్న సరుకు దగ్గర ఉంది.

మన దేశంలోనూ 1971కి ముందు అబార్షన్ నేరమే. అయినా జరుగుతూనే ఉండేవి, ఆడవాళ్లు పోతూనే ఉండేవారు. 1964లో వేసిన శాంతిలాల్ షా కమిటీ ఆ సంగతంతా చూసి సిఫారసు చేశాకే 1971లో, డాక్టర్ చేతుల మీదుగా కడుపు తీయించుకోవడానికి ఒప్పుకునే ఎంటీపీ చట్టం వచ్చింది.

ఆంధ్రాలో కుటుంబ నియంత్రణ బాగానే ఉంది కదా. మరి ఇన్ని అబార్షన్లు ఎందుకు?

నా మటుకు నాకు అసలు ప్రశ్న ఇదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో 71 శాతం ఏదో ఒక పద్ధతి వాడుతున్నారు. దేశం సగటు కంటే ఎక్కువే. కానీ ఆ 71ని విడదీసి చూడండి. అందులో 69.6 శాతం ఆడవాళ్ల ఆపరేషనే. మగవాళ్ల ఆపరేషన్, గర్భసంచిలో వేసే కాపర్ టీ, మాత్రలు, ఇంజెక్షన్లు, నిరోధ్, అన్నీ కలిపినా మిగిలేది ఒకటిన్నర శాతం. దేశం మొత్తం మీద కండోమ్ వాడే దంపతులే 9.5 శాతం ఉన్నారు, మాత్రలు వేసుకునేవాళ్లు 5.1 శాతం ఉన్నారు.

అంటే మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఒక్కటే అర్థం. పెళ్లి, వెంటనే కడుపు, ఇంకో కడుపు, ఆపరేషన్. ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్లకే 'ఫ్యామిలీ ప్లానింగ్ అయిపోయింది' అంటారు. పెళ్లికి, ఆపరేషన్‌కి మధ్య ఉన్న ఆ నాలుగైదేళ్లు ఏ రక్షణా లేదు. చంకలో బిడ్డకి ఎనిమిదో నెల నడుస్తుంటే మళ్లీ కడుపు వస్తుంది. కొత్త ఉద్యోగంలో చేరిన నెలకే వస్తుంది. ఆ కడుపులే చాలావరకు అబార్షన్ దాకా వెళ్తాయి. ఆపరేషన్ చేయించుకున్న వాళ్ల దగ్గర్నుంచి నాకు ఇలాంటి ఫోన్లు దాదాపు రావు. వచ్చేవన్నీ ఆ మధ్యకాలంలో ఉన్నవాళ్ల దగ్గర్నుంచే.

దేశం లెక్క కూడా ఒకసారి చూడండి. 2015లో భారతదేశంలో సుమారు 1 కోటి 56 లక్షల అబార్షన్లు జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ ఏడాది వచ్చిన గర్భాల్లో దాదాపు సగం అనుకోకుండా వచ్చినవే. పిల్లలు తక్కువమంది పుడుతున్నారంటే వద్దనుకున్న కడుపులు తక్కువగా వస్తున్నాయని అర్థం కాదు.

"మేం జాగ్రత్తగానే ఉంటాం" అంటే చాలదా?

ఆ 'జాగ్రత్త' అంటే ఏమిటని అడిగితే చాలామంది తల దించుకుంటారు. భర్త బయటకు తీసేయడం, లేదా రోజులు లెక్కపెట్టుకోవడం. మొదటి పద్ధతి మీదే ఆధారపడితే వందమందిలో ఏడాదికి ఇరవైమందికి కడుపు వస్తుంది. మాత్రలయితే, మధ్యమధ్య మర్చిపోయేవాళ్లను కూడా కలిపి, ఏడుగురికి. కాపర్ టీ అయితే వందమందిలో ఒక్కరి కన్నా తక్కువ.

బిడ్డకి పాలిస్తే కడుపు రాదన్న మాటలో కొంత నిజం ఉంది. కానీ మూడూ ఒకేసారి ఉండాలి. బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, తల్లికి నెలసరి తిరిగి మొదలై ఉండకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప వేరే ఏదీ పట్టకూడదు. డబ్బా పాలు, రాగి జావ మొదలైన రోజు నుంచి ఆ రక్షణను నమ్ముకోవద్దు. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, నెలసరి రావడానికి రెండు వారాల ముందే అండం విడుదలవుతుంది. అందుకే కాన్పు తర్వాత ఒక్కసారి కూడా నెలసరి చూడకుండానే మళ్లీ కడుపుతో వచ్చేవాళ్లుంటారు.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఏమేం ఉచితంగా ఇస్తారు?

పట్టణ ఆరోగ్య కేంద్రాల దగ్గర్నుంచి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), పాతనగరంలో అందరూ ఘోషాసుపత్రి అనే విక్టోరియా ఆసుపత్రి దాకా కుటుంబ నియంత్రణ సేవలన్నీ ఉచితమే. నిరోధ్, మాత్రలు మీ వీధి ఆశా కార్యకర్త దగ్గర కూడా దొరుకుతాయి.

మన ఆడవాళ్లకు బాగా సరిపడేవి, ఎవరూ చెప్పనివి మూడున్నాయి.

ఒకటి ఛాయ మాత్ర. లక్నోలోని మన కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన మందు. ఇందులో హార్మోన్ లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, నాలుగో నెల నుంచి వారానికి ఒక్కసారే. నెలసరి మొదలైన రోజు మొదటి మాత్ర వేసుకోవాలి. అది ఆదివారమైతే ఇక ప్రతి ఆదివారం, బుధవారం. మూడు నెలలయ్యాక ఆదివారం ఒక్కటే. పాలిచ్చే తల్లులు కూడా వేసుకోవచ్చు. కొందరికి నెలసరి ఆలస్యంగా వస్తుంది, తక్కువగా అవుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఆ టెన్షన్‌తోనే మానేస్తారు. పెదగంట్యాడ వైపు ఒకామె ఈ మాత్రల అట్టని బియ్యం డబ్బా అడుగున దాచుకునేది. అత్తగారు చూస్తే "పిల్లలు పుట్టకుండా మందులు మింగుతోంది" అంటుందని భయం. ఆదివారం పొద్దున్న బియ్యం కొలిచేటప్పుడే మాత్ర కూడా తీసుకునేది. అలా రెండేళ్లు ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. ఆ అట్ట వెనకాల పెన్సిల్‌తో పెట్టుకున్న టిక్కులు నాకు చూపించింది.

రెండోది అంతర ఇంజెక్షన్. మూడు నెలలకోసారి. ఇంట్లో దాచుకోవాల్సిన అవసరం లేదు, రోజూ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. కాన్పయిన ఆరు వారాల తర్వాత పాలిచ్చేవాళ్లు కూడా చేయించుకోవచ్చు. మొదట్లో నెలసరి అటూ ఇటూ అవుతుంది, కొన్నాళ్లకు ఆగిపోవచ్చు కూడా. అది జబ్బు కాదు, చెడు రక్తం లోపల పేరుకుపోవడమూ కాదు. మానేశాక మళ్లీ కడుపు రావడానికి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు. ఏడాదిలోపే బిడ్డ కావాలనుకునేవాళ్లు ఇది కాకుండా వేరేది ఎంచుకోవడం మంచిది.

మూడోది కాపర్ టీ. ఐదేళ్లు పనిచేసేది, పదేళ్లు పనిచేసేది ఉన్నాయి. కాన్పయిన 48 గంటల్లోపు ఆసుపత్రిలో ఉండగానే వేయించుకోవచ్చు. సిజేరియన్ అయితే ఆ ఆపరేషన్‌లోనే వేస్తారు. పిల్లలు కావాలనుకున్నప్పుడు తీయించేసుకుంటే సరి.

మాలా-ఎన్ రోజూ వేసుకోవాల్సిన మాత్ర. పాలిచ్చే తల్లులు మొదటి ఆర్నెల్లు దీని జోలికి వెళ్లకూడదు. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు.

కాపర్ టీ పైకెక్కి గుండెకు వెళ్లిపోతుందట కదా?

వెళ్లదు. గర్భసంచి నుంచి గుండెకు దారి లేదు. అరుదుగా దానంతట అది జారి కిందకి వచ్చేస్తుంది, అందుకే నెలసరి తర్వాత దారం తగులుతోందో లేదో చూసుకోమంటాం. ఇంకా అరుదుగా, వేసేటప్పుడు గర్భసంచి గోడకు గుచ్చుకోవచ్చు. అందుకే నేర్చుకున్న చెయ్యి వేయాలి. మొదటి రెండు మూడు నెలలు రక్తస్రావం, నొప్పి కాస్త ఎక్కువ ఉంటాయి. ఈ మాట వేసే ముందే చెప్పాలి. చెప్పకుండా వేసిన కాపర్ టీలు మూడో నెలకల్లా తీయించేసుకోవడం నేను లెక్కలేనన్ని చూశాను.

భర్త ఇంట్లో ఉండేది కొన్ని రోజులే. రోజూ మందులెందుకు?

జాలరిపేటలో ఈ మాట బాగా వినేదాన్ని. బోటెక్కితే రోజుల తరబడి రాడు, ఇంకెందుకు మాత్రలని. స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టు పనుల మీద వేరే రాష్ట్రాలకు వెళ్లేవాళ్ల భార్యలూ ఇదే మాట. కానీ వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది. ఆ 61 రోజులూ మగవాళ్లు ఇంట్లోనే. అందుకని మార్చి నెలలోనే సంచి పట్టుకుని వీధి వీధీ తిరిగేవాళ్లం. అంతర చేయించుకునేవాళ్లు నిషేధం మొదలవక ముందే చేయించుకుంటే ఆ రెండు నెలలూ గడిచిపోతాయి. నిరోధ్ వాడతామనే ఇంటికి ఒకటి రెండు కాకుండా పెట్టెలే ఇచ్చేసేవాళ్లం.

ఎప్పుడూ ఆడవాళ్లకేనా ఆపరేషన్? మగవాళ్లు చేయించుకుంటే బలహీనపడతారా?

పడరు. కోతా కుట్టూ లేని వేసెక్టమీకి అరగంట కూడా పట్టదు. మత్తు ఆ చోటికే. అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు, కొద్ది రోజులు బరువులు ఎత్తకుండా ఉంటే చాలు. మగతనం తగ్గదు, గడ్డం రాలదు, ఆటో తోలే శక్తి పోదు. వీర్యం మామూలుగానే వస్తుంది, అందులో బీజాలు మాత్రం ఉండవు. ఒక్క షరతు ఏమిటంటే, చేయించుకున్నాక మూడు నెలలు నిరోధ్ వాడాలి, ఆ తర్వాత పరీక్ష చేయించుకోవాలి. ఈ మూడు నెలల మాట మర్చిపోవడం వల్లే "ఆపరేషన్ అయినా కడుపొచ్చింది" అని ఇళ్లల్లో గొడవలు అవుతాయి. భార్య మీద అనుమానాలు కూడా వస్తాయి. ఇలాంటి ఒక గొడవలో మధ్యవర్తిగా కూర్చున్నాను. ఆ అమ్మాయి ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. అందుకే మూడు నెలలన్న మాట భర్తకి మాత్రమే కాకుండా భార్యకీ చెప్పాలి.

మన రాష్ట్రంలో ఈ ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్లు వందకి అరమనిషి కూడా లేరు. భయానికి పాత కారణం ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క సంవత్సరంలో, సుమారు 62 లక్షల మంది మగవాళ్లకు వేసెక్టమీ చేశారు. చాలామందిని బలవంతంగా లాక్కెళ్లారు. ఆ జ్ఞాపకం తాతల నుంచి మనవల దాకా దిగింది.

ఇంకో సంగతి, ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఆపరేషన్‌కి భార్య సంతకమో భర్త సంతకమో అక్కర్లేదు, చేయించుకునేవాళ్ల సంతకం ఒక్కటి చాలు. ఇద్దరు పిల్లలుండాలన్న నియమం కూడా లేదు. ఏడాది దాటిన బిడ్డ ఒక్కరున్నా సరిపోతుంది. ఆడవాళ్లకు 22 ఏళ్లు నిండాలి.

ఐ-పిల్ అన్నా అబార్షన్ మాత్ర అన్నా ఒకటేనా?

రెండూ పూర్తిగా వేర్వేరు. ఐ-పిల్ లాంటిది, ప్రభుత్వం ఇచ్చే ఈజీ పిల్ కూడా అదే, కలిసిన తర్వాత 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. అది కడుపు రాకుండా ఆపుతుంది. వచ్చిన కడుపుని తీసేయలేదు. నెలకి నాలుగుసార్లు వేసుకునే అమ్మాయిలు నాకు తెలుసు. ప్రమాదం కాకపోవచ్చు గానీ రోజువారీ పద్ధతి కన్నా బాగా తక్కువ పనిచేస్తుంది. నెలకి రెండోసారి అవసరం పడిందంటే మామూలు పద్ధతి ఒకటి ఎంచుకునే సమయం వచ్చేసినట్టే.

మెడికల్ షాపులో అబార్షన్ మాత్రల కిట్ అడిగితే ఇచ్చేస్తున్నారు. ఇంట్లోనే వేసుకుంటే తప్పేముంది?

ఇందాక చెప్పిన 2015 అధ్యయనం ప్రకారం దేశంలో నాలుగింట మూడు వంతుల దాకా అబార్షన్లు ఆసుపత్రి బయట, మాత్రలతోనే జరిగాయి. ఆ మాత్రలు చెడ్డవి కావు. డాక్టర్ చూసి, తొమ్మిది వారాల లోపు, సరైన మోతాదులో ఇస్తే చాలా మంచి మందులు. ప్రమాదమంతా చూడకుండా ఇవ్వడంలో ఉంది. ఎన్ని వారాలో తెలియదు. కడుపు గర్భసంచిలో ఉందో ట్యూబులో ఉందో తెలియదు. ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణమే పోతుంది.

ఒక మే నెల మధ్యాహ్నం మా సెంటర్ ముందు ఆటో ఆగింది. పాతికేళ్లుండవు ఆమెకి. చీర కింద మడతపెట్టిన పాత దుప్పటి, అది కూడా తడిసిపోయింది. పెదాలు తెల్లబడిపోయాయి. చేతిలో ఒక చిన్న కాగితం, షాపతను పెన్నుతో రాసిచ్చినది: 'ఇవాళ 1, ఎల్లుండి 4'. ఇంకేమీ లేదు. రక్తం ఎంత పోతే ఆసుపత్రికి వెళ్లాలో లేదు, ఎన్ని నెలలని అడిగిన గుర్తు లేదు. తీరా చూస్తే మూడో నెల దాటింది. అదే ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. బతికింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. దారి పొడుగునా ఆమె అడిగింది ఒక్కటే, "మా ఇంట్లో చెప్పరు కదా మేడం".

మాత్రలు వేసుకున్నాక గంటకి రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసినా, జ్వరం తగ్గకపోయినా, ఒక పక్క పొత్తికడుపులో కోసేసినట్టు నొప్పి ఉన్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా 108కి ఫోన్ చేయండి. డాక్టర్ దగ్గర ఏం వేసుకున్నారో దాచకండి. పచ్చి బొప్పాయి, నువ్వులు, పుల్లలు, ఆర్‌ఎంపీ ఇచ్చే పేరు తెలియని ఇంజెక్షన్లు, వీటి జోలికి అసలు పోవద్దు.

చట్టం ఎన్ని వారాల దాకా ఒప్పుకుంటుంది? భర్త సంతకం కావాలా?

2021లో సవరించిన చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ కొన్ని పరిస్థితుల్లోనే: అత్యాచారానికి గురైనవారు, మైనర్లు, గర్భం ఉండగా భర్త చనిపోయినవారు లేదా విడిపోయినవారు, వైకల్యం ఉన్నవారు, బిడ్డకు తీవ్రమైన లోపం ఉన్నప్పుడు, ఇలాంటివి. 24 వారాలు దాటితే బిడ్డకు తీవ్రమైన లోపాలున్నాయని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే చేయాల్సి వస్తే ఈ వారాల లెక్క అడ్డురాదు. వాడిన గర్భనిరోధక పద్ధతి విఫలమైందన్నది కూడా 20 వారాల లోపు చట్టం ఒప్పుకునే కారణమే.

18 నిండిన ఆడమనిషికి తన సంతకం ఒక్కటే చాలు. భర్తది, అత్తమామలది, తల్లిదండ్రులది ఎవరిదీ అక్కర్లేదు. ఆమె పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టర్‌కి ఏడాది దాకా జైలు పడొచ్చు. ఇది చట్టం. అయినా "ఆయన్ని తీసుకురా" అని వెనక్కి పంపే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. అలా పంపిన ప్రతిసారీ రెండు మూడు వారాలు పోతాయి, చిన్న మాత్రతో అయ్యే పని పెద్దదవుతుంది.

పెళ్లి కానివాళ్లకు?

అదే హక్కు ఉంది. 2021 సవరణలో 'వివాహిత, ఆమె భర్త' అని ఉన్నచోట 'స్త్రీ, ఆమె భాగస్వామి' అని మార్చారు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు 24 వారాల వెసులుబాటులో కూడా పెళ్లయినవారు, కానివారు అన్న తేడా చూపకూడదని చెప్పింది. మధురవాడ, ఎండాడ వైపు హాస్టళ్లలో ఉండి చదువుకునే, ఉద్యోగాలు చేసే అమ్మాయిలు చాలామందికి ఈ సంగతి తెలియదు. సందు చివర బోర్డు లేని క్లినిక్‌లో వేలకి వేలు పోస్తున్నారు.

పద్దెనిమిది నిండని అమ్మాయి అయితే?

గార్డియన్ సంతకం కావాలి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద డాక్టర్ పోలీసులకు సమాచారం ఇవ్వాలి గానీ, అమ్మాయి, ఆమె గార్డియన్ కోరితే పేరు వివరాలు చెప్పక్కర్లేదని అదే 2022 తీర్పు చెప్పింది. భయపడి ఆలస్యం చేయకండి.

నాకు ఇంతకన్నా బాధ కలిగించే సంగతి ఒకటుంది. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి పన్నెండుగురికి పైగా అప్పటికే తల్లులో గర్భిణులో. పదో తరగతి హాల్‌టికెట్ ఉండాల్సిన చేతిలో తల్లీబిడ్డల కార్డు ఉంటుంది. పెళ్లిని రెండు మూడేళ్లు ఆపగలిగితే ఆ వయసు కడుపులూ, ఆ వయసు అబార్షన్లూ వాటంతట అవే తగ్గుతాయి.

స్కానింగ్‌లో ఆడపిల్లని తెలిస్తే తీయించుకోవచ్చా?

కూడదు. 1994 చట్టం ప్రకారం ఆడో మగో చెప్పమని అడగడమూ నేరమే, చెప్పడమూ నేరమే. అయితే ఈ చట్టం పేరు చెప్పి మామూలు అబార్షన్ కోసం వచ్చిన ఆడవాళ్లను అనుమానించి తిప్పి పంపడం కూడా తప్పే.

ప్రభుత్వమే ఎక్కువమందిని కనమంటోంది కదా. ఇంకా కుటుంబ నియంత్రణ ఎందుకు?

నిజమే, గాలి మారింది. ఇద్దరు దాటితే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న 1994 నాటి నియమాన్ని మన శాసనసభ 2024 నవంబర్‌లో ఎత్తేసింది. రాష్ట్రంలో ఒక్కో మహిళకి సగటున పుట్టే పిల్లలు 1.7 అని సర్వే లెక్క. జనాభా అలాగే నిలబడాలంటే 2.1 ఉండాలి.

నేను ఎవరికీ ఇంతమందిని కనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ముగ్గురు కావాలనుకునే ఇంట్లో కూడా మొదటి బిడ్డకి రెండేళ్లు నిండకముందే రెండో కడుపు రాకూడదు. అలా వస్తే ఆ రెండో కడుపుని తీయించేస్తారు, లేదా రక్తం లేని తల్లి మళ్లీ కాన్పుకి వెళ్తుంది. కుటుంబ నియంత్రణ అంటే పిల్లల్ని ఆపడం ఒక్కటే అనుకున్నంత కాలం ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. నాకున్న భయం వేరే. ఎక్కువమంది పిల్లలు కావాలన్న మాట పైనుంచి వచ్చినప్పుడు కింద సెంటర్లలో అంతర స్టాకు, ఛాయ స్టాకు గురించి అడిగే నాథుడు ఉండడు. అప్పుడు పిల్లలు పెరగరు, అబార్షన్లు పెరుగుతాయి.

అయితే ప్రభుత్వం ఏం చేయాలి?

ముందుగా ఏం చేయకూడదో చెప్తాను. టార్గెట్లు పెట్టకూడదు. నెలకి ఇన్ని ఆపరేషన్లు కావాలని మీద నుంచి ఒత్తిడి పెడితే కింద ఏం జరుగుతుందో ఈ దేశం చూసింది. ఎమర్జెన్సీ ఒకటి. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ క్యాంపు ఇంకొకటి. ఒక్క పూటలో 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశారు, వాళ్లలో పదిమందికి పైగా చనిపోయారు. కాగితం మీద టార్గెట్లు 1996లోనే తీసేశారు. అయినా 2016లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది, మూడేళ్లలో క్యాంపులు ఆపేయమని.

చేయాల్సింది మొదట్లో చెప్పిన ఆ రిజిస్టరులోని ఖాళీ గడి నింపడం. కాన్పు కోసం వచ్చిన ప్రతి తల్లితో ఏడో నెలలోనే, నొప్పులు మొదలవక ముందే, తర్వాత ఏ పద్ధతి కావాలో మాట్లాడాలి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ క్యూలో కూర్చున్న గంటసేపు ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్తే చాలు. డిశ్చార్జి కాగితం మీద టీకాల తేదీతో పాటు ఆమె ఎంచుకున్న పద్ధతి కూడా రాసి పంపాలి.

పెళ్లయ్యాక రెండేళ్లు ఆగిన జంటకి, మొదటి బిడ్డకి రెండో బిడ్డకి మధ్య మూడేళ్లు ఎడం పాటించిన జంటకి ₹500 చొప్పున ఆశా కార్యకర్తకి ఇచ్చే పథకం దేశంలో 2012లో మొదలైంది. మంచి ఆలోచన. కానీ ఆశా చేతిలో సరుకు లేకపోతే ఆ డబ్బు కాగితానికే పరిమితం. నేను పనిచేసిన రోజుల్లో రెండు నెలలు వరసగా ఛాయ రాలేదు. అంతకు ముందు కష్టపడి ఒప్పించినవాళ్లలో ఎనిమిదిమంది మానేశారు. తర్వాత స్టాకు వచ్చినా వాళ్లలో ఇద్దరే తిరిగొచ్చారు.

మగవాళ్లతో మాట్లాడటానికి మగవాళ్లుండాలి. నేను ఫిషింగ్ హార్బర్‌లో నిలబడి నిరోధ్ గురించి చెప్తే నవ్వుకుని వెళ్లిపోయేవారు. మా సెంటర్ మగ హెల్త్ అసిస్టెంట్ వాళ్లతో పాటు వల అల్లుతూ కూర్చుని అదే మాట చెప్తే విన్నారు.

ఏజెన్సీ, అంటే కొండల్లోని గిరిజన ప్రాంతం, సంగతి వేరుగా చూడాలి. పాడేరు, అరకు వైపు నుంచి ఒక ఆడమనిషి విశాఖ పెద్దాసుపత్రికి రావాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీ, తోడు మనిషి కావాలి. అంత దూరం రావాల్సిన పని లేకుండా మండలంలోనే తొమ్మిది వారాల లోపు సేవ దొరకాలి.

ఒకసారి అబార్షన్ అయింది. మళ్లీ ఎప్పటి నుంచి జాగ్రత్త పడాలి?

అదే వారం నుంచి. పది రోజుల్లోనే అండం విడుదలయ్యే అవకాశం ఉంది, నెలసరి వచ్చేదాకా ఆగొద్దు. ఆసుపత్రిలో తీయించుకుంటే అదే రోజు కాపర్ టీ వేయించుకోవచ్చు. మాత్రలతో అయితే పూర్తయిందని డాక్టర్ చూశాక వేయించుకోవాలి. బిడ్డ కావాలనుకున్నా ఆర్నెల్లు ఆగితే ఒంటికి మంచిది. మీ రక్తం నెగటివ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి డాక్టర్ని తప్పక అడగండి.

ఇప్పుడు నాకు నెల తప్పింది. ఏం చేయాలి?

రేపు పొద్దున్న మొదటి మూత్రంతో పరీక్ష చేసుకోండి. కిట్టు ఆశా దగ్గర ఊరికే ఇస్తారు. రెండు గీతలు వస్తే మీ ఆఖరి నెలసరి మొదలైన తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టర్ మొదట అడిగేది అదే. ఉంచుకుంటారో లేదో నిర్ణయం మీది. ఉంచుకుంటే ఈ వారంలోనే పేరు నమోదు చేయించుకుని ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. వద్దనుకుంటే కూడా ఈ వారంలోనే వెళ్లండి, వచ్చే నెల జీతం పడ్డాక కాదు, పండగ అయ్యాక కాదు. ఆధార్ కార్డు, ఆ తేదీ కాగితం, పాత రిపోర్టులుంటే అవి పట్టుకెళ్లండి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఏదో తెలియకపోతే 104కి ఫోన్ చేస్తే చెప్తారు. మీరు నమ్మే మనిషి ఎవరైనా ఒకరు తోడుంటే మంచిది. ఎవరూ లేకపోయినా ఆగొద్దు, వెళ్లండి.